ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరున్నారు? పాత జనాభా లెక్కల్లో ఇంగ్లండ్ కూలీ కుటుంబాన్ని వెతకడం

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఒక భూస్వామి వంశాన్ని వెతకడం పెద్ద కష్టం కాదు. వీలునామాలుంటాయి, దస్తావేజులుంటాయి, చర్చి గోడకి పాలరాతి పలక ఉంటుంది. అదే కాలంలో లండన్ రేవులో బస్తాలు మోసినవాడికి, లాంకషైర్ నూలుమిల్లులో పనిచేసిన పిల్లకి, నార్‌ఫోక్ పొలాల్లో కూలికెళ్ళిన ముసలాయనకి ఇవేవీ లేవు. చాలామందికి సమాధి మీద రాయి కూడా లేదు. వాళ్ళు బతికారనడానికి మిగిలిన ఆధారాల్లో ముఖ్యమైనది, పదేళ్ళకోసారి ప్రభుత్వం ఇంటింటికీ మనిషిని పంపి రాయించుకున్న ఒక్క వరస.

ఆ వరస దొరికితే పనైపోయిందనుకుంటాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. 1851లో ముప్ఫై ఏళ్ళున్న మనిషి 1861కి ముప్ఫై ఏడేళ్ళవాడవుతాడు. పుట్టిన ఊరు మారిపోతుంది. ఇంటిపేరులో అక్షరాలు అటూ ఇటూ అవుతాయి. అన్నీ కాకిలెక్కలని పక్కన పడేయబుద్ధవుతుంది. కానీ ఆ కాగితంలో ఉన్నదేమిటి? ఒక రాత్రి ఒక కప్పు కింద తలదాచుకున్నవాళ్ళ గురించి ఎవరో చెప్పగా ఇంకెవరో రాసుకున్న మాట. చెప్పిందెవరు, ఎందుకలా చెప్పారు అని ఆలోచిస్తే తప్పులు కూడా ఏదో ఒకటి చెబుతాయి. ఇంకో సంగతి, ఒక్క పేరును పట్టుకుని వెతికితే దారి తప్పడం ఖాయం. ఇల్లంతటినీ కలిపి వెతకాలి.

ముందు ఆ కాగితం ఎలా తయారైందో చూద్దాం. ఇంగ్లండు, వేల్స్‌లలో జనగణన 1801లోనే మొదలైంది గానీ మొదటి నాలుగుసార్లూ ప్రభుత్వం అడిగింది అంకెలే. అక్కడక్కడా ఎవరో ఓపికున్న పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు) అధికారి రాసిపెట్టుకున్న జాబితా తప్ప పేర్లుండవు. దేశమంతటా ఇంటింటి పేర్లూ రాసింది 1841 జూన్ 6 రాత్రి లెక్కతో. అది కూడా పొదుపుగా రాశారు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును కింది అయిదుకు దించమన్నారు కాబట్టి ముప్ఫై నాలుగేళ్ళవాడు కాగితం మీద ముప్ఫై ఏళ్ళవాడు. కుటుంబ పెద్దకి ఎవరేమవుతారో లేదు. పుట్టింది ఇదే కౌంటీలోనా (మన జిల్లాలాంటిది) కాదా అన్నదే ప్రశ్న. కొట్టాల్లో, గుడారాల్లో, ఆరుబయట పడుకున్నవాళ్ళకైతే పేర్లే లేవు, తలలు లెక్కపెట్టి వదిలేశారు. ఊరూరా తిరిగి పనిచేసే కూలీ ఆ ఏడాది దొరకకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

వంశం వెతికేవాళ్ళకి నిజమైన పునాది 1851 మార్చి 30 నాటి లెక్క. దాంట్లో సరైన వయసు అడిగారు, పెళ్ళయిందా లేదా అడిగారు, పెద్దతో వరస అడిగారు, అన్నిటికన్నా విలువైనది పుట్టిన పారిష్ పేరు అడిగారు. ఊరు తెలిస్తే ఆ ఊరి చర్చి రిజిస్టరుకి వెళ్ళొచ్చు. ఆ రిజిస్టర్లు 1538 నుంచీ రాయమన్నవి. అన్నీ మిగల్లేదనుకోండి, అది వేరే సంగతి.

ప్రతి ఇంటికీ ముందే ఒక ఫారం ఇచ్చేవారు. ఇంటి పెద్ద నింపాలి. చదువు రాకపోతే ఇంటింటికీ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటరే గుమ్మంలో నిలబడి అడిగి రాసుకునేవాడు. తర్వాత అతను అన్ని ఫారాలనీ ఒక పుస్తకంలోకి ఎత్తిరాసేవాడు. ఆ పుస్తకాలే మనకు మిగిలాయి. 1911కి ముందరి అసలు ఫారాలని నాశనం చేశారు. అంటే 1901 దాకా మనం చూసేది నకలు. దాని మీద లండన్‌లోని గుమాస్తాలు లెక్క వేసుకుంటూ గీసిన అడ్డగీతలు కూడా ఉంటాయి, సరిగ్గా వయసు అంకె మీదుగానే పోతాయవి. 3 కాస్తా 8లా కనిపిస్తుంది. దాన్ని చూసి ఇంకొకరు కంప్యూటరులో ఎక్కించారు. నోటిమాట దగ్గరనుంచి వెతుకు పెట్టె దాకా మూడు నాలుగు చేతులు మారిన సమాచారం ఇది. అందుకే సూచికలో దొరికింది చూసి ఆగిపోకుండా అసలు పేజీ బొమ్మ తెరిచి చదవాలి.

ఈ కాగితం ఏం చెబుతుందో, ఏం దాస్తుందో చూడ్డానికి మనందరికీ తెలిసిన ఒక దక్షిణ లండన్ పిల్లవాణ్ణి తీసుకుందాం. చార్లీ చాప్లిన్ తల్లి హానా చెప్పులు కుట్టేవాడి కూతురు, నాటకశాలల్లో పాటలు పాడేది. 1891 ఏప్రిల్ 5 రాత్రి ఆమె, పెద్దకొడుకు సిడ్నీ, ఏడాది దాటి రెండో ఏట నడుస్తున్న చార్లీ వాల్‌వర్త్‌లోని బార్లో వీధిలో ఉన్నారు. తండ్రి ఆ ఇంట్లో లేడు. భార్యాభర్తలు విడిపోయి ఉంటారన్న అనుమానం ఆ ఖాళీ వల్లే వస్తుంది. మళ్ళీ 1901 మార్చి 31 రాత్రి చూస్తే పిల్లవాడు తల్లి దగ్గర లేడు. ల్యాంబెత్‌లో ఫెర్న్‌డేల్ రోడ్డులో, డాన్సు చేసే కుర్రాళ్ళ బృందం నడిపే జాక్సన్ ఇంట్లో తేలాడు. హానా ఇంటిని వెతికి, అక్కడ లేడు కాబట్టి చనిపోయి ఉంటాడనుకునే ప్రమాదం ఇలాంటి చోటే ఉంటుంది. పేదల పిల్లలు పదేళ్ళ వయసుకే పనిలోకో, ఇంకొకరి ఇంటికో వెళ్ళిపోయేవారు.

ఈ రెండు రాత్రుల మధ్య జరిగినదాన్ని జనగణన అసలు చూడలేదు. 1896లో అన్నదమ్ములిద్దరూ ల్యాంబెత్ వర్క్‌హౌస్‌కీ (దిక్కులేని పేదల్ని ఉంచే సర్కారు ఆశ్రమం), అక్కడినుంచి హాన్‌వెల్‌లోని పేదపిల్లల బడికీ వెళ్ళారు. 1892 ఆగస్టులో హానాకి వీలర్ అనే మూడో కొడుకు పుట్టాడు, కొన్ని నెలలకే వాడి తండ్రి లియో డ్రైడెన్ వాణ్ణి తీసుకెళ్ళిపోయాడు. ఆమె ఇంటి లెక్కల్లో వాడి ఆనవాలే ఉండదు. సిడ్నీ పుట్టినప్పుడు పెట్టింది తల్లి ఇంటిపేరు హిల్, తర్వాత చాప్లిన్ అయ్యాడు. అంటే ఒకే తల్లికి ముగ్గురు కొడుకులు, మూడు ఇంటిపేర్లు. పేరు పట్టుకుని వెతకొద్దని అంటున్నది ఇందుకే.

ఇంకా విచిత్రమేమిటంటే చార్లీ చాప్లిన్ జనన నమోదు ఈ రోజుకీ దొరకలేదు. 1952లో అమెరికా వాళ్ళు అడిగితే బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎమ్ఐ5 కూడా వెతికి చేతులెత్తేసింది. ఇంగ్లండులో జననమరణాల నమోదు 1837 జులై 1న మొదలైంది. 1875 నుంచి తల్లిదండ్రులే వెళ్ళి నమోదు చేయించాలి, లేకపోతే జుల్మానా. అయినా చాప్లిన్ కాగితం లేదు. మీ ముత్తాతది దొరక్కపోతే మీరేదో సరిగ్గా వెతకలేదని బెంగపడనక్కర్లేదు.

ఇప్పుడు వయసుల సంగతి. పదేళ్ళకి పదేళ్ళూ పెరిగిన మనిషి పాత లెక్కల్లో కాస్త అరుదనే చెప్పాలి. తను ఏ ఏడు పుట్టిందీ చాలామందికి కచ్చితంగా తెలియదు. మొగుడికన్నా పెద్దదైన పెళ్ళాం రెండేళ్ళు తగ్గించి చెప్పేది. పనికి పెట్టుకోరేమోనని నడివయసు కూలీ తగ్గించేవాడు, పండు ముసలివాళ్ళు గొప్పకి పెంచేవారు. రెండు మూడేళ్ళ తేడాకి కంగారుపడి సరైన మనిషిని వదులుకోవద్దు. అయిదేళ్ళు దాటితే మాత్రం అనుమానించాలి. చిన్నపిల్లల వయసులు ఎక్కువ నమ్మదగ్గవి. మూడేళ్ళ పిల్లకి ఎనిమిదేళ్ళని ఎవరూ చెప్పరు కదా.

పుట్టిన ఊరి గడిలో ఇంకో రకం తిరకాసు ఉంది. సఫోక్‌లో ఏదో కుగ్రామంలో పుట్టి లండన్ చేరినవాడు, ఆ పేరు చెబితే ఇక్కడెవడికి తెలుస్తుందని దగ్గర్లోని పెద్ద ఊరి పేరు చెప్పేవాడు. కొన్నిసార్లు వెనక భయం కూడా ఉండి ఉంటుంది. 1662 చట్టం ప్రకారం దిక్కులేని మనిషిని పోషించాల్సింది వాడి సొంత పారిష్. బతకలేక చెయ్యిచాస్తే ఉన్నచోటు నుంచి బండెక్కించి పంపేసేవారు. 1846లో వరసగా అయిదేళ్ళున్నవాళ్ళని పంపకూడదన్నారు, 1861లో మూడేళ్ళకి, 1865లో ఏడాదికి తగ్గించారు. గుమ్మంలో సర్కారు మనిషి కాగితం పట్టుకుని నువ్వెక్కడ పుట్టావని అడిగితే, నేనిక్కడివాణ్ణే అనడం క్షేమమని ఎవరికైనా తోచి ఉంటే తప్పుపట్టగలమా? ఈ పంపివేతల కోసం మేజిస్ట్రేటు ముందు పేదవాళ్ళ చేత చెప్పించిన వాంగ్మూలాలు కౌంటీ ఆర్కైవుల్లో ఉన్నాయి. ఎక్కడ పుట్టాను, ఎవరి దగ్గర ఎన్నాళ్ళు పనిచేశాను, ఎప్పుడు పెళ్ళయింది అన్నీ ఉంటాయి వాటిలో. కూలీ మనిషి జీవితచరిత్రకి అంతకన్నా దగ్గరగా వచ్చే కాగితం నాకు తెలిసి లేదు.

ఒకే కుటుంబం నాలుగు లెక్కల్లో నాలుగు ఊళ్ళు చెబితే, ఎక్కువసార్లు వచ్చినదాన్ని గానీ అందరికన్నా చిన్న ఊరిని గానీ ముందు పట్టుకోవాలి. లేని కుగ్రామాన్ని కల్పించి చెప్పే అవసరం ఎవరికీ ఉండదు.

బంధుత్వాల గడి కూడా జాగ్రత్తగా చదవాలి. అల్లుడని (సన్ ఇన్ లా) రాసి ఉన్న ఏడేళ్ళ కుర్రాణ్ణి చూసి నవ్వుకోకండి. ఆ రోజుల్లో సవతి కొడుకుని కూడా అలాగే రాసేవారు. అంటే తల్లికి ఇది రెండో పెళ్ళి, పిల్లవాడి అసలు ఇంటిపేరు వేరే అని అర్థం. చివరి బిడ్డకీ దానిపై బిడ్డకీ పదేళ్ళ ఎడం ఉంటే, ఆ చివరిది పెద్దకూతురి బిడ్డేమో అని కూడా చూడాలి.

పిల్లలే ఈ వెతుకులాటకి అసలు దారం. 1881 పేజీలో ఒక కుటుంబం ఉందనుకుందాం. పదకొండేళ్ళ పెద్దపిల్ల నార్‌ఫోక్‌లో పుట్టింది, ఎనిమిదేళ్ళవాడూ అక్కడే, అయిదేళ్ళవాడు మాత్రం లండన్ బెర్మండ్‌సీలో. కుటుంబం 1872కీ 1876కీ మధ్య బతుకుతెరువుకి పట్నం వచ్చిందని దాన్నిబట్టి తేలిపోతుంది. ఇప్పుడు అయిదేళ్ళవాడి బర్త్ సర్టిఫికెట్ తెప్పించాలి. అందులో వాడు పుట్టిన ఇంటి చిరునామా, తండ్రి పని, తల్లి పుట్టింటి పేరు ఉంటాయి. తల్లి సంతకం చేసిందో, ఇంటూ గుర్తు పెట్టిందో కూడా రిజిస్ట్రార్ రాసే తీరులో తెలుస్తుంది. తల్లి పుట్టింటి పేరు తెలిస్తే పెళ్ళి దొరుకుతుంది, పెళ్ళి కాగితంలో ఇద్దరి తండ్రుల పేర్లూ పనులూ దొరుకుతాయి. పైకెళ్ళే మెట్లు అవే. ఇంగ్లండ్ జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టిన సూచికలో 1837 నుంచీ తల్లి పుట్టింటి పేరు చేర్చారు. ఆ గడి ఖాళీగా ఉంటే చాలావరకూ పెళ్ళికాని తల్లి బిడ్డ అని అర్థం.

అందుకే సూచికలో జాన్ స్మిత్ అని కొట్టి వేలాది మందిలో కొట్టుకుపోకుండా, ఆ ఇంట్లో అరుదైన పేరున్న పిల్లని వెతకమంటారు అనుభవమున్నవాళ్ళు. కెజియా, థియోఫిలస్ లాంటి బైబిలు పేరు ఒక్కటి దొరికితే అదృష్టమే. ఇంటిపేరు వదిలేసి మొదటి పేరు, వయసు, పుట్టిన ఊరు మాత్రమే ఇచ్చి చూడాలి. లండన్ యాసలో పేరు మొదటి హకారం మింగేస్తారు, లేనిచోట తగిలిస్తారు. ఎన్యూమరేటరు విన్నట్టే రాసుకున్నాడు. 1881 లెక్కంతా స్వచ్ఛంద కార్యకర్తలు ఎత్తిరాసి ఉచితంగా ఇచ్చారు, ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉంది. డబ్బు కట్టే ముందు అక్కడ మొదలుపెట్టడం మంచిది.

పని గడిలో పొలం కూలీకి ఏజీ ల్యాబ్ అన్న పొట్టి మాట పేజీల పొడవునా కనిపిస్తుంది. మగవాళ్ళ విషయంలో ఈ గడి ఫర్వాలేదు. ఆడవాళ్ళ విషయంలో నేను దీన్ని నమ్మను. ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలు అంటించిన, బట్టలు ఉతికిచ్చిన, వారానికి మూడు రోజులు ఇళ్ళు కడిగొచ్చిన పెళ్ళైన ఆడదాని ఎదురుగా గడి చాలాసార్లు ఖాళీ. రాసింది మొగుడు, ఎత్తిరాసింది ఇంకో మగవాడు, లెక్కలు అడిగింది మగవాళ్ళ ప్రభుత్వం. భర్త పోయి విధవయ్యాక తర్వాతి లెక్కలో ఆవిడే చాకలిపని అని కనిపిస్తుంది. ఆ పని అంతకుముందు లేదని ఎలా అనుకుంటాం?

1891 నుంచి ఇంకో ప్రశ్న చేరింది. ఇంట్లో అయిదు గదులకన్నా తక్కువుంటే ఎన్నో రాయాలి. రెండు గదులు, తొమ్మిది మంది అన్న లెక్క చూశాక, లండన్ కుటుంబమైతే చార్లెస్ బూత్ పేదరిక పటం తెరవాలి. 1889 నుంచి వెలువడిన ఆ పటాల్లో వీధివీధికీ ఆర్థికస్థితిని బట్టి రంగు వేశారు, అట్టడుగు వీధులు నల్లగా ఉంటాయి. వారం అద్దెల మీద బతికే జనం తరచూ ఇళ్ళు మారేవారు, కానీ పని ఉన్నచోటికి నడిచి వెళ్ళాలి కాబట్టి దూరం పోయేవారు కాదు. సూచికలో దొరకని కుటుంబం కోసం పాత చిరునామా చుట్టుపక్కల నాలుగు వీధుల పేజీలని ఒక్కొక్కటిగా తిప్పడం విసుగు పనే, ఫలితం మాత్రం ఉంటుంది. ప్రతి పుస్తకం మొదట్లో ఎన్యూమరేటరు నడిచిన దారి రాసి ఉంటుంది.

కొన్నిసార్లు ఎంత వెతికినా లేకపోవడానికి కారణం మన చేతిలో ఉండదు. మాంచెస్టర్ 1851 పుస్తకాలు కొన్ని నీళ్ళపాలయ్యాయి. 1861వి కొన్ని పోయాయి. పిచ్చాసుపత్రుల్లో, జైళ్ళలో కొన్నిచోట్ల పేర్ల బదులు పొడి అక్షరాలే రాశారు. 1911 ఏప్రిల్ 2 రాత్రి ఓటుహక్కు కోసం పోరాడుతున్న స్త్రీలు కొందరు లెక్కకు దొరక్కుండా ఇళ్ళు వదిలిపోయారు. ఎమిలీ డేవిసన్ పార్లమెంటు భవనంలో అల్మరాలో దాక్కుంది. చివరికి అక్కడొకసారి, అద్దెకుండే ఇంట్లో ఒకసారి, రెండుసార్లు లెక్కలోకొచ్చింది.

ఆ 1911 లెక్క దగ్గర కాస్త ఆగాలి. దాంట్లో ఇంటివాళ్ళు నింపిన ఫారమే మిగిలింది, కాబట్టి ముత్తాత చేతిరాత చూడొచ్చు. పెళ్ళయి ఎన్నేళ్ళయింది, బిడ్డలెందరు పుట్టారు, ఎందరున్నారు, ఎందరు పోయారు అని అడిగారు. పన్నెండు, ఏడు, అయిదు అని మూడు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. రెండు లెక్కల మధ్యలో పుట్టి పోయిన పసిపిల్లలు ఏ పేజీలోనూ కనపడని కుటుంబంలో, వాళ్ళు ఉండేవారని చెప్పే మొదటి కాగితం ఇదే. ఈ ప్రశ్నకి పెళ్ళైన ఆడవాళ్ళ తరఫునే జవాబివ్వాలి. విధవలు, భార్య పోయిన మగవాళ్ళు కూడా చాలామంది రాసేశారు. గుమాస్తాలు రంగు సిరాతో కొట్టేశారు గానీ కింద అక్షరాలు చదవొచ్చు. కొట్టేసిన గడి కనపడితే దాటిపోవద్దు.

1921 లెక్కలో పని ఇచ్చే యజమాని పేరు కూడా ఉంది, ఏ గని, ఏ మిల్లు అన్నది తెలుస్తుంది. ఏప్రిల్‌లో జరగాల్సింది గని కార్మికుల గొడవ వల్ల జూన్ 19కి వాయిదా పడింది. తర్వాతి 1931 పుస్తకాలన్నీ 1942 డిసెంబరులో హేస్‌లోని గోదాము తగలబడి బూడిదయ్యాయి, బాంబుల వల్ల కాదు, మామూలు అగ్నిప్రమాదం. 1941లో యుద్ధం వల్ల లెక్కే తీయలేదు. 1939 సెప్టెంబరు 29న గుర్తింపు కార్డుల కోసం రాసిన రిజిస్టరు ఉండబట్టి గట్టెక్కాం. దాంట్లో పుట్టినతేదీ ఉంటుంది, తర్వాత పెళ్ళి చేసుకున్న ఆడవాళ్ళ కొత్త ఇంటిపేర్లు కూడా పక్కన చేర్చారు. 1951 లెక్క వందేళ్ళ గడువు నిండి 2052లో గానీ బయటకి రాదు.

ఈ వెతుకులాట మన ప్రాంతాల వాళ్ళకీ అవసరమవుతుంది. బిట్రగుంట, గుంతకల్, కాజీపేట రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో మూలపురుషుడు చాలాచోట్ల ఇంగ్లండ్ నుంచి వచ్చిన సిపాయో, ఇంజను డ్రైవరో. వాళ్ళు ముందు మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రికార్డులు చూడాలి. బ్రిటిష్ లైబ్రరీలో ఎన్2 అన్న వరసలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు ఉన్నాయి. అక్కడ మూలపురుషుడి పెళ్ళి దొరికితే తండ్రి పేరు వస్తుంది. సిపాయి అయితే లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 అన్న పింఛను కాగితాల్లో పుట్టిన పారిష్ ఉంటుంది. ఆ పారిష్‌తో 1851 లెక్కలోకి వెళితే తల్లిదండ్రుల ఇల్లు దొరికే అవకాశముంది. 1911 ఇంగ్లండ్ లెక్కలో విదేశాల్లోని సైనిక స్థావరాలు కూడా చేరాయి. ఇదే పని మన కుటుంబాలకి చేద్దామంటే కుదరదు. భారత జనగణనలో అంకెలు తేల్చాక ఇంటింటి కాగితాలు ఉంచలేదు, పైగా 1948 చట్టం వాటిని ఎవరూ చూడకూడదంటోంది.

చివరికి మిగిలేది, దొరికిన మనిషి మన మనిషేనా అన్న ప్రశ్న. ఒకే జిల్లాలో ఒకే పేరుతో, రెండేళ్ళ తేడాలో ఇద్దరుంటే, మనవాణ్ణి ఎంచుకోవడానికి కారణాలు వెతకడంకన్నా రెండోవాడి జీవితాన్ని చివరిదాకా తేల్చడం మంచి పద్ధతి. వాడు పసితనంలోనే పోయాడా, 1871లో వేరే భార్యతో ఉన్నాడా అన్నది చూస్తే, మిగిలినవాడు మనవాడయ్యే బలం పెరుగుతుంది. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో సగం పొరపాట్లు ఈ పని చేయకపోవడం వల్లే వస్తున్నాయని నా అభిప్రాయం.

ఇది చేసినా తేలనివాళ్ళుంటారు. 1888 నవంబరు 9న లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో హత్యకి గురైన మేరీ జేన్ కెల్లీ తనది ఐర్లండ్‌లోని లిమరిక్ అనీ, వేల్స్‌లో పెరిగాననీ, బొగ్గుగని పనివాణ్ణి పెళ్ళాడితే అతను పేలుడులో పోయాడనీ తెలిసినవాళ్ళకి చెప్పుకుంది. ఎన్నో ఏళ్ళుగా ఎందరో 1871, 1881 లెక్కలని జల్లెడపట్టారు. ఆ కథకి పూర్తిగా సరిపోయే ఇల్లు ఒక్కటీ కచ్చితంగా తేలలేదు. పేరు ఆమెది కాకపోవచ్చు, కథలో కొంత అల్లింది కావచ్చు. ఆమెతో పాటు ఒక ఇంట్లో ఉన్న తల్లి, తమ్ముడు, చెల్లి వీళ్ళలో ఒక్కరి పేరైనా నిక్కచ్చిగా తెలిసి ఉంటే వెతకడానికి ఏదో ఒక కొస ఉండేది.